కవరు కుడివైపు ఖాళీ

డెల్ఫ్ట్‌వేల్, అయోవా
సెప్టెంబర్ 9

అన్నయ్యా,

ఇకమీదట ఫోన్ వద్దు. మొన్న పావుగంట సేపు గొంతు చించుకుని అరిచాను. చివరికి నువ్వు "సరే, వెండెల్‌కి కూడా చెప్పు" అని పెట్టేశావు. మా ఆయనకి ఏం చెప్పాలో నాకింకా తెలియదు. నీ చెవులకి మిషను పెట్టించుకోమంటే వినవు. అందుకే ఈ ఉత్తరం.

ఇక్కడ సోయా పంట పసుపెక్కుతోంది. వెండెల్ మోకాలు మళ్ళీ మొరాయిస్తోంది. అసలు చెప్పాలనుకున్నది మా బ్రెంట్ సంగతి. క్రిస్టీ పిల్లలిద్దరినీ తీసుకుని వెళ్ళిపోయాక రెండేళ్ళు వాడు మనిషిలా లేడు. ప్రతి ఆదివారం వచ్చేవాడు, పెట్టింది తినేవాడు, ఫోన్ చూసుకుంటూ కూర్చుని వెళ్ళిపోయేవాడు. మొన్న వంటింట్లో పకపకా నవ్వాడు. నా చేతిలో గిన్నె జారిపోబోయింది.

ఆ నవ్వుకి కారణం వేడ్ కార్మోడీ. అవును, ఆయనే. అధ్యక్ష పదవికి నిలబడ్డాడు కదా, మా జాతర మైదానానికి వచ్చాడు. మా కౌంటీలో ఆయన ప్రచారానికి బ్రెంట్‌ని బాధ్యుడిగా పెట్టారు. నలభై అయిదేళ్ళ నా కొడుకు చొక్కా ఇస్త్రీ చేసుకుని మైకు సర్దుతుంటే చూశాను. కార్మోడీ ఎవరినీ తిట్టలేదు. "మీ పొలంలో నీళ్ళు నిలిచిన గుంట మీ గుంటే. అది వాషింగ్టన్‌ది కాదు. మొదటి రోజే ఆ నిబంధన చించేస్తా" అన్నాడు. నేను చప్పట్లు కొట్టాను. గుంట ఉన్న నేల దున్నకూడదని సర్కారు అడ్డుపడితే, ఆ గుంట కోసం మేం నాలుగేళ్ళు కోర్టు చుట్టూ తిరిగాం. నేను కాకపోతే ఎవరు కొడతారు?

నువ్వు అక్కడ దులూత్‌లో, ఆ సరస్సు ఒడ్డున కూర్చుని ముఖం చిట్లిస్తున్నావని నాకు తెలుసు. దయచేసి పాఠం మొదలుపెట్టకు. నాకు ఎన్నికలంటేనే అలసటగా ఉంది. రోజూ పెట్టెలో ఎనిమిది కరపత్రాలు పడుతున్నాయి. ప్రతి దానిలోనూ ఈసారి ఓడితే దేశం మునిగిపోతుందని ఉంటుంది. నేను పుట్టినప్పటి నుంచీ ఈ దేశం నాలుగేళ్ళకోసారి మునుగుతూనే ఉంది.

నీ చెల్లెలు
ఆర్లిస్


దులూత్, మిన్నెసోటా
అక్టోబర్ 2

ఆర్లిస్,

పాఠం వద్దన్నావు కాబట్టి చెప్పను. ఒక కవరు మాత్రం పంపుతున్నాను.

గుర్తుపట్టావా? మొక్కజొన్న విత్తనాల కవరు. నాన్న ధాన్యం గోదాములో గుమాస్తా బల్ల వెనక, ప్రతి ఎన్నికల ఏడూ మనిద్దరినీ కూర్చోబెట్టి, ఖాళీ కవరు చించి, వెనకవైపు నడిమధ్య గీత గీసేవాడు. ఎడమవైపు అభ్యర్థి వాగ్దానం. కుడివైపు, ఆ పని చేసే అధికారం అతనికి రాజ్యాంగంలో ఎక్కడ ఉందో రాయాలి. "నచ్చిందా లేదా అని అడగట్లేదర్రా, ఎక్కడుందో చూపించండి" అనేవాడు. ముందు చూపించినవాళ్ళకి పాప్‌కార్న్. నాన్న జేబులో ఉండే ఆ చిన్న రాజ్యాంగం పుస్తకంలో నువ్వు వేళ్ళు పరిగెత్తించేదానివి. నేను జడ్జినయ్యాను గాని, పాప్‌కార్న్ ఎప్పుడూ నీకే దక్కేది.

కార్మోడీకి ఒక కవరు నింపాను. మొదటిది, తనకు నచ్చిన జడ్జీలను నియమిస్తానన్నాడు. రెండో అధికరణం, సెనేట్ ఒప్పుకుంటే సరి. సంతోషంగా రాశాను. రెండోది నీ గుంట. శాఖ పెట్టిన నిబంధన శాఖే తీసేయవచ్చు, పద్ధతి ప్రకారం నోటీసిచ్చి తీసేస్తే ఎవరూ కాదనరు. అదీ రాశాను. చించేయడం కుదరదు, అయినా మైకు ముందు మనుషులు అలాగే మాట్లాడతారు. మూడోది, కాగితాల్లేని తల్లిదండ్రులకు ఇక్కడ పుట్టిన పిల్లలకు పౌరసత్వం ఉండదని ఒక్క సంతకంతో తేలుస్తానన్నాడు. ఇక్కడ పుట్టినవాళ్ళు ఇక్కడి పౌరులేనన్న పద్నాలుగో సవరణ అడ్డం పడుతుంది. దానికి వేరే అర్థం చెప్పే పండితులున్నారు, ఉండనీ, వాళ్ళు కోర్టులో వాదించుకోవాలి. సంతకానికి మాత్రం నాకు చోటు కనబడలేదు.

నాలుగోది ఆయన గత నెల విద్యార్థుల సభలో అన్నది. "దేశం బతకాలంటే కొన్ని తీర్పుల్ని పక్కన పెట్టాలి. నేను పెడతాను." దీనికి కుడివైపు ఖాళీగా వదిలాను. నీకు దొరికితే రాయి. పాప్‌కార్న్ పంపుతాను.

గెరిట్


డెల్ఫ్ట్‌వేల్
అక్టోబర్ 28

అన్నయ్యా,

నీ కవరు చేరింది. వెండెల్ చూసి "మీ అన్న మళ్ళీ తీర్పు పంపాడా? అప్పీలుకి గడువెంతట?" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. అవతలి పార్టీ అధ్యక్షుడు చట్టసభని పక్కకు నెట్టి కలం పట్టుకుని సంతకాల మీద సంతకాలు చేసినప్పుడు నీ విత్తనాల కవర్లు ఏమయ్యాయి? అప్పుడు దులూత్‌లో పోస్టాఫీసు మూసేశారా? మా వాడు నోరు తెరిస్తేనే రాజ్యాంగం గుర్తొస్తుందా? ఇక్కడ చర్చిలో అందరూ అడిగేది ఇదే. వాళ్ళకి నేను చెప్పడానికి ఏమీ లేదు.

సభలో అన్న మాటలు సభలోనే ఉంటాయి. మనుషులు అలాగే మాట్లాడతారని నువ్వే రాశావు.

ఇంకొకటి. మొదటి ఉత్తరంలో దాచాను. జనవరి పదిహేనున పార్టీవాళ్ళం బడి జిమ్‌లో కలిసి అభ్యర్థిని ఎంచుకునే కాకస్‌లో కార్మోడీ తరఫున లేచి మాట్లాడేది నేనే. బ్రెంట్ అడిగాడు, గిన్నెలు తుడుస్తూ.

"అమ్మా, జిమ్‌లో నువ్వు మాట్లాడాలి."

"నేనా? నాకేం మాట్లాడటమొచ్చురా?"

"ముప్పయ్యేళ్ళు సండే స్కూలు నడిపావు. ఆ జిమ్‌కొచ్చేవాళ్ళలో సగం మంది చెవులు నువ్వు మెలేసినవే. నువ్వు లేస్తే లేచి కూర్చుంటారు."

"రెండు నిమిషాలేగా?"

"రెండే. మంచి మాటలు రెండు చెప్పి కూర్చో."

మాటిచ్చాను. వాడు ఆఫీసుకి ఫోన్ చేసి "మా అమ్మ ఒప్పుకుంది" అని చెబుతుంటే ఆ గొంతు వినాల్సింది నువ్వు. ఎనిమిదో తరగతిలో పందెం గెలిచినప్పటి గొంతు అది. నాకు రాజ్యాంగమూ కావాలి, నా కొడుకూ కావాలి. రెండిట్లో ఒకటే ఇస్తానంటే ఏది తీసుకుంటానో నువ్వు అడగనక్కర్లేదు.

నాలుగోది ఖాళీగానే ఉంది. వెతకలేదు కూడా.

ఆర్లిస్


దులూత్
నవంబర్ 19

ఆర్లిస్,

దొరికిపోయాను. నువ్వు అడిగినది న్యాయమే. ఆ అధ్యక్షుడికి కూడా కవరు నింపాను. సొరుగులో వెతికితే దొరికింది, దీనితో పంపుతున్నాను, మూడు ఖాళీలున్నాయి చూసుకో. ఎవరికీ పంపలేదు. పక్షపాతం కాదు, బద్ధకం. డెబ్భై నాలుగేళ్ళవాడికి పోట్లాట మొదలుపెట్టాలంటే ముందు కుర్చీలోంచి లేవాలి. నీ చర్చివాళ్ళకి ఈ కవరు చూపించు. ఆలస్యమైందని తిడతారు, తిట్టనీ.

బ్రెంట్‌కి ఇచ్చిన మాట నాకోసం వెనక్కి తీసుకోకు. అది నేను అడగను.

కాని ఒక పాత సంగతి రాయాలనిపించింది. నేను కుర్చీ పోగొట్టుకున్న ఏడు. షెరీఫు మనుషులు వారెంట్ లేకుండా ఆ లోరెన్ ఇంట్లోకి జొరబడి దొంగసరుకు బయటికి తీశారు. వాడు దొంగని కౌంటీ మొత్తానికి తెలుసు. నాకూ తెలుసు. అయినా ఆ సాక్ష్యం చెల్లదన్నాను, వాడు నవ్వుకుంటూ బయటికి నడిచాడు. ఆ నవంబర్‌లో బ్యాలెట్ వెనకవైపు నా పేరు వచ్చింది. ఈ జడ్జి కొనసాగాలా, అవును, వద్దు. వద్దన్నారు. పద్నాలుగేళ్ళయింది. నేను ఇక్కడికి వచ్చింది కూతురు దగ్గరుందామని అందరికీ చెప్పాను. అసలు కారణం, మన ఊరి కిరాణా కొట్లో నాకు చిల్లర ఇచ్చే ప్రతి చెయ్యీ ఆ గడిలో గీత పెట్టిన చెయ్యేమో అనిపించేది.

ఇదంతా జాలి కోసం రాయలేదు. ఆ షెరీఫు నన్ను ముఖం మీదే తిట్టాడు, కాని ఆ తీర్పు వచ్చాక లోరెన్‌ని మళ్ళీ పట్టుకోలేదు. ఒళ్ళు మండుతూనే తాళం తీశాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు మిగిలిన ఊరట అదొక్కటే.

నీ గుంట కేసు ఎలా ముగిసిందో నువ్వు నాకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. మీరు గెలిచారని తెలుసు. సర్కారు వాళ్ళు పొలంలో పాతిన ఆ నారింజ జెండాలు ఎవరు పీకారు?

గెరిట్


డెల్ఫ్ట్‌వేల్
డిసెంబర్ 14

అన్నయ్యా,

నీ ప్రశ్నకి జవాబు రాయడానికి మూడు వారాలు పట్టింది.

ఊళ్ళో అందరికీ తెలిసిన కథ ఇది. తీర్పు వచ్చిన రోజు వెండెల్ ట్రాక్టరెక్కి జెండాలన్నీ ఒక్క ఊపున తొక్కించేశాడట. కాఫీ కొట్లో ఇది చెప్పని వారం ఉండదు. వెండెల్ అవుననడు, కాదనడు, ముసిముసిగా నవ్వుతాడు. బ్రెంట్ ఈ కథ సభల్లో కూడా చెబుతున్నాడు.

జరిగింది వేరు. తీర్పు వచ్చిన నాలుగో రోజు ఆ శాఖ తాలూకు కుర్రాఫీసరు ఒక్కడే వచ్చాడు. మార్చి బురద, మోకాళ్ళ దాకా. ఒక్కొక్క జెండా పీకి, తుడిచి, చంకలో పెట్టుకున్నాడు. గంటన్నర పట్టింది. చూడలేక కాఫీకి పిలిచాను. బూట్లు గుమ్మం బయటే విడిచి, చిరుగు మేజోళ్ళతో నా వంటింట్లో కూర్చున్నాడు.

"ఆ తీర్పు తప్పండీ. మా ఆఫీసులో అందరిదీ అదే మాట, నాదీ అదే" అన్నాడు.

"మరెందుకు పీకావయ్యా?"

అదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "కోర్టు చెప్పింది కదండీ."

బాదం రొట్టె రెండో ముక్క కూడా తిని వెళ్ళిపోయాడు. పేరు అడగలేదు. ఆ తీర్పు ఇచ్చిన జడ్జమ్మని వేసింది అవతలి పార్టీ అధ్యక్షుడు. అదీ ఎవరికీ చెప్పలేదు. మా నలభై ఎకరాలు వెండెల్ మొండితనం వల్ల దక్కాయంటే వినడానికి బాగుంటుంది. ఒక సర్కారు కుర్రాడు తనకి నచ్చని తీర్పుకి తలవంచడం వల్ల దక్కాయంటే ఎవరు చప్పట్లు కొడతారు?

నాలుగో గడి కోసం నిన్న పుస్తకం తీశాను. మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. కళ్ళద్దాలు మార్చి మళ్ళీ చదివాను. లేదన్నయ్యా.

ఇప్పుడు ఇంకోటి. ఇది రాయకపోతే ఈ ఉత్తరం అబద్ధమవుతుంది. ఆ నవంబర్‌లో నీ పేరు ఎదురుగా నేను వద్దు అని గీత పెట్టాను. ఆ లోరెన్ దొంగిలించిన వాటిలో మా పనిముట్లూ ఉన్నాయి, నీకు తెలుసు. నీకు కాస్త బుద్ధి రావాలనుకున్నాను. నా ఒక్క ఓటుతో నువ్వు ఓడిపోవులే అనుకున్నాను. అందరూ అలాగే అనుకున్నారు కాబోలు. ఆ సాయంత్రం నీకు ఫోన్ చేసి ఏడ్చాను, గుర్తుందా? ఆ ఏడుపు నిజమే. ఓటూ నిజమే.

ఆర్లిస్


దులూత్
జనవరి 3

ఆర్లిస్,

ఇది నాలుగో కాగితం. మొదటి మూడింట్లో "నాకు ముందే తెలుసులే" అని రాసి చించేశాను. నాకు తెలియదు. ఊళ్ళో ప్రతి చేతినీ అనుమానించాను గాని, నీ చేతిని అనుకోలేదు.

రెండు వారాలు నీ మీద కోపంగా ఉన్నాను. తర్వాత నాన్న చెప్పినట్టే చేశాను. కవరు తీసుకుని ఎడమవైపు "అన్న కుర్చీ తీసేయడం" అని రాశాను. కుడివైపు రాయడానికి ఒక్క నిమిషం పట్టలేదు. అయోవా రాజ్యాంగం, అయిదో అధికరణం. ఆ హక్కు నీకుంది. నిండుగా ఉంది. నేను తీర్పిచ్చాను, మీరు ఓటేశారు, నేను దిగిపోయాను. అందరం మన మన పనులు చేశాం.

అయినా నొప్పిగా ఉంది. దానికి ఏ వైపూ గడి లేదు.

పదిహేనో తారీఖున ఏం చేయాలో నేను చెప్పను. ఏం చేశావో మాత్రం రాయి. చలి ఎక్కువగా ఉంటుందట, వెండెల్‌ని మెట్ల మీద జాగ్రత్తగా నడిపించు.

నీ అన్న
గెరిట్


డెల్ఫ్ట్‌వేల్
ఫిబ్రవరి 1

అన్నయ్యా,

నీ ఉత్తరం కోటు జేబులో పెట్టుకునే జిమ్‌కి వెళ్ళాను.

బయట సున్నాకి పదిహేను డిగ్రీల కింద. అయినా నూటొక్క మంది వచ్చారు. బాస్కెట్‌బాల్ గీతల మీద మడత కుర్చీలు, వెనక బల్ల మీద కాఫీ. ఆ సభ నడిపేది మంగలి హార్లన్. ముందు మిగతా ఇద్దరు అభ్యర్థుల తరఫున మాట్లాడారు, తర్వాత నన్ను పిలిచాడు. బ్రెంట్ గోడకి ఆనుకుని నిలబడి నా వంక చూసి బొటనవేలు ఎత్తాడు.

కవరు తీశాను. మొదటిది చదివి అధికారం ఎక్కడుందో చెప్పాను, చప్పట్లు. రెండోది చదివాను, ఇంకా పెద్ద చప్పట్లు. మూడోది కోర్టులో తేలాలన్నాను, కాస్త గుసగుసలు. నాలుగోది చదివి, "దీనికి నాకు చోటు దొరకలేదు. రెండుసార్లు వెతికాను. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి" అన్నాను. అప్పుడు జెండాల కథ చెప్పాను, జరిగింది జరిగినట్టు. వెండెల్ రెండో వరసలోనే ఉన్నాడు. ఆయన్ని నూరుమంది ముందు అబద్ధాలకోరుని చేశాను.

ఎవరో వెనకనుంచి అరిచారు. "ఏం వెండెల్, ట్రాక్టరో?"

వెండెల్ తల వంచుకునే, "నలభై ఒక్క జెండాలు. కిటికీలోంచి లెక్కపెట్టాను" అన్నాడు.

"ఆయన మంచివాడు, మన పక్షంవాడు. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోమని మనమే అడగాలి. మనం అడక్కపోతే ఎవరడుగుతారు?" అని కూర్చున్నాను. రెండు నిమిషాలు దాటిందో లేదో హార్లన్ గంట కొట్టలేదు.

చీటీలు లెక్కపెట్టారు. కార్మోడీకి యాభై ఎనిమిది, మిగతా ఇద్దరికీ ముప్పై ఒకటీ, పన్నెండూ. ఆయనే గెలిచాడు. నా చీటీ మీద ఏం రాశానో నీకు చెప్పను. ఒక ఓటు సంగతి చెప్పి చూశాను కదా, ఇద్దరికీ నిద్రపట్టలేదు.

చీటీలు వేయగానే జనం ఇళ్ళకి పరిగెత్తారు. పార్టీకి తీర్మానాలు పంపే వంతు ఆ తర్వాతే వస్తుంది, దానికి ఎప్పుడూ ఎవరూ ఉండరు. ఈసారి ఏడుగురం మిగిలాం. నేను ఒకటి రాసి ఇచ్చాను. కోర్టు తీర్పు తప్పని నమ్మినా సరే, అది పద్ధతి ప్రకారం మారేదాకా మన పార్టీ అధ్యక్షుడు దాన్ని పాటించాలి. అంతే. హార్లన్ పైకి చదివాడు. అవునని మూడు చేతులు లేచాయి, నాదీ వెండెల్‌దీ కలిపి. వద్దని మూడు, హార్లన్‌ది కలిపి. ఏడోవాడు బ్రెంట్. వాడు దూరంగా కుర్చీలు మడుస్తున్నాడు.

"బ్రెంట్, నువ్వూ ఈ వార్డువాడివే. నీ చెయ్యెటు?" అని హార్లన్ అడిగాడు.

వాడు చేతిలో కుర్చీ కింద పెట్టాడు. నా వంక చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "వద్దు" అని చెయ్యెత్తాడు.

అన్నయ్యా, అప్పుడు తెలిసింది. పద్నాలుగేళ్ళ కింద ఆ సాయంత్రం నీకేమనిపించిందో, ఇన్నాళ్ళూ నాకు తెలుసనే అనుకున్నాను. నాకేమీ తెలియలేదు. నన్ను క్షమించు. ముందు ఉత్తరంలో ఈ మాట రాయలేదు. నిజం చెప్పేస్తే చాలనుకున్నాను.

తీర్మానం ఓడిపోయింది. బ్రెంట్ మిగిలిన కుర్చీలు మడిచి, బయటికి వెళ్ళి మా కారు అద్దం మీద గట్టిపడిన మంచు గీకాడు. తండ్రిని చెయ్యిపట్టి మెట్లు దింపాడు. తర్వాతి ఆదివారం రాలేదు.

మొన్న ఆదివారం వచ్చాడు. పెట్టింది తిన్నాడు. ఫోన్ తీయలేదు, అలాగని నవ్వనూ లేదు. ప్రచారం ఆఫీసువాళ్ళు వాడిని తీసేయలేదు గాని, సభల్లో మైకు ఇంకొకరికి ఇచ్చారట. వెళ్ళేముందు గుమ్మం దగ్గర కోటు వేసుకుంటూ అన్నాడు.

"ఆ కవరేది?"

"ఎందుకు?"

"నాలుగోది నేను వెతుకుతా. నీకు దొరకనంత మాత్రాన లేదనా? దొరికితే మాత్రం అదే జిమ్‌లో, అందరి ముందూ, తప్పయిందని చెప్పాలి నువ్వు."

"చెబుతాను. దొరక్కపోతే?"

వాడు చెయ్యి చాపాడు. కవరూ, నాన్న జేబు పుస్తకమూ రెండూ ఇచ్చాను. కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. నాన్న పోయాక ఆ పుస్తకం మా ఇల్లు దాటడం ఇదే మొదటిసారి.

నాలుగు రోజులైంది, ఇంకా ఫోన్ రాలేదు. ఇవాళ బజారుకెళ్ళినప్పుడు పాప్‌కార్న్ తెచ్చి పెట్టాను.

నీ చెల్లెలు
ఆర్లిస్